నాలుగో వరస ఎర్రచుక్కలు

ధూళి నెల, రెండో రోజు. పొద్దున్న ముల్లు 34.

ఈ పుస్తకంలో ఎన్ని ఎండపలకలు తుడిచామో, తెల్లారేసరికి ఉప్పుగుంట దగ్గర వేడి చూపే ముల్లు ఎంత మీద ఉందో, ఆ రెండే రాయమన్నారు. నెలాఖరుకి పుస్తకం కింద ఊళ్ళో ఆఫీసుకి పోతుందట. అక్కడ ఎవరు చదువుతారో నాకు తెలియదు. చదివేవాళ్ళకి మా కొండ మీద బతుకు తెలియదు కాబట్టి ఇంకొంచెం రాస్తాను. తప్పులుంటే దిద్దుకోండి. నేను మూడో తరగతిలో ఉండగా సముద్రం మా బడిని మింగేసింది.

నా పేరు నూకాలమ్మ. నాలుగో వరస, పదకొండో ఇల్లు. పోయిన ఏడాది వరకూ ఈ పుస్తకం మా అమ్మాయి ఢిల్లీశ్వరి రాసేది. ముందు పేజీలన్నీ దాని రాతే. నేను వెనక్కి తిప్పను.

ఈ రోజు అరవై పలకలు తుడిచాం. రాత్రి మంచుకి ధూళి తడిసి పలక మీద పెచ్చులా కడుతుంది. చీపురుకి రాదు. తడిగుడ్డ వేసి నానబెట్టి గోకాలి. నోట్లోకి పోతుంది, ముక్కులోకి పోతుంది, ఉమ్మితే బురద పడుతుంది. ఈ నెలంతా మా అందరి నోళ్ళూ బురదగుంటలే.

పలకలు పగలు తాగిన ఎండే గుంటలో ఉప్పుని మరగబెడుతుంది. ఆ వేడితోనే రాత్రంతా ఆరు వరసల ఇళ్ళకీ కరెంటు. ముల్లు పది కంటే దిగితే ఉప్పు గడ్డకట్టేస్తుంది, మళ్ళీ కరిగించే దిక్కు లేదు. అందుకని ముల్లు పదికి రాగానే గుంట కాపలా లింగరాజు వరసలన్నిటికీ కరెంటు కోసేస్తాడు. వరసకి ఒకటే తీగ. కోస్తే దీపాలూ పోతాయి, ఊపిరి మిషనూ పోతుంది. మిషనుకి సొంత బ్యాటరీ ఉండేది, అది చచ్చి నాలుగేళ్ళయింది. కొత్తది పంపండని మీ ఆఫీసుకి ఢిల్లీశ్వరే ఈ పుస్తకంలో రాసింది. చూసుకోండి.

పోయిన ఏడాది ధూళి నెల పందొమ్మిదో రోజు, పొద్దు పొడవకముందు కోశాడు. నా కూతురు మిషను మీద ఉంది. పలకలు తుడిచి ముల్లు లేచేసరికి నలభై నిమిషాలు పట్టింది. అంతే రాస్తాను.

ఐదో రోజు. ముల్లు 30.

గున్నయ్యకి ధూళి జబ్బు ముదిరింది. పక్కింటి తవిటమ్మ మొగుడు. కొండ దిగి ఆసుపత్రికి వెళ్ళాలంటే రెండు రోజులు, ఈ ధూళిలో ఏ బండీ కదలదు. నిన్న కమిటీ వాళ్ళు మిషను తెచ్చి వాళ్ళింట్లో పెట్టారు. మా ఇంట్లో ఉండినదే. దాని పక్కరేకు మీద మా అమ్మాయి ఢిల్లీ గోరుతో గీసిన గీతలు ఇంకా ఉన్నాయి.

తవిటమ్మని చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. దాచుకునేదేం లేదు. వాళ్ళింట్లో గోడ టీవీ చూసేవాడు లేకపోయినా ఎర్రచుక్క వేసుకుని కూర్చునే ఉంటుంది. మా ఇళ్ళ మధ్య గోడకి సందు ఉంది. నా కూతురు ఎగశ్వాస తీస్తున్న ఆఖరి రాత్రంతా ఆ సందులోంచి ఆ చుక్క నాకు కనబడుతూనే ఉంది. ఎవడి కోసం వెలుగుతున్నావే అని దాన్నే తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఈ రోజు పలకల దగ్గర తనే పలకరించింది.

"వొదినా, ముల్లెంతున్నాది?"

"ముప్పై."

"ఇంకా పడతాదేటి?"

"పడదేటి మరి? నీ టీవీ పడుకోదు, నీ సల్లపెట్టె పడుకోదు. ఆ ఉప్పేటి, నీ యబ్బ మరగబెట్టినాడేటి?"

"అబ్బల దాకా ఎల్లిపోకు వొదినా. ఆ సుక్కెంత తింటాది? దోమ తాగినంత."

"దోమలు కుట్టే గదా మీ యింట్లో సగం మంది పోనారు."

తవిటమ్మ గుడ్డ పలక మీద పడేసి వెళ్ళిపోయింది. దాని వాటా పలకలు కూడా నేనే గోకాను.

రాయకూడదు గానీ రాస్తాను. ముల్లు ఇంకా పడాలనిపించింది. అదే మిషను, అదే కోత, అదే పొద్దు. దానికీ తెలియాలి అనిపించింది. కాసేపటికి నా మీద నాకే కంపరం పుట్టింది. కుళ్ళిన చేప నోట్లో పెట్టుకున్నట్టయింది. అన్నం సయించలేదు.

ఆరో రోజు. ముల్లు 28.

కమిటీ పెద్ద ధర్మారావు గారు వచ్చారు. మెడకి చల్లటి పట్టీ కట్టుకుని, తెల్లగుడ్డలతో, బురదగుంటలో కొంగలాగా నిలబడ్డారు. ఇంటింటికీ ఒక కాగితం పంచారు. 'వాడని వస్తువుకి సాకెట్ దగ్గరే సెలవు' అని దాని మీద రాసి ఉంది. కింద ఆయన ఫొటో.

"చుక్క చుక్క కలిస్తేనే సముద్రం అమ్మా" అన్నారు.

"సముద్రం మాటెత్తకు బాబూ, దానికి జడిసే గదా ఈ కొండెక్కినాం" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

తవిటమ్మ అడిగింది. "ఇలగ సాకెట్లు ఆపితే నిజంగా ముల్లు నిలబడతాదేటి బాబూ?"

"ఎంతో కొంత తేడా ఉంటుందమ్మా."

"ఎంతో కొంతంటే ఎంత? మా ఆయన పీల్చే గాలికి సరిపోతాదా, తక్కువా?"

ఆయనకి తెలియదు. కొలిచినవాడైతే కదా తెలిసేది. అందరి చేతులూ శుభ్రంగా ఉండాలి, పని మాత్రం ఎవరో చెయ్యాలి. ఆ కాగితంతోనే నేను పెరట్లో పొయ్యి రాజేసుకున్నాను.

ఎనిమిదో రోజు. ముల్లు 23.

నిన్నా ఈ రోజూ మా వరసలో ముప్పై ఆరు ఇళ్ళూ తిరిగాను. గున్నయ్య కోసం అనుకోకండి. ఆ ఎర్రచుక్కలు చూస్తే నాకు పుండు మీద ఈగని చూసినట్టుంటుంది. అందుకని తిరిగాను.

స్విచ్చి బోర్డుల మీద ఏళ్ళనాటి జిడ్డు. వేలు పెడితే అంటుకుపోతుంది. సాకెట్ల వెనక వెచ్చగా ఉంటుంది కదా, బొద్దింకలు అక్కడే కాపురం. ఒక ఇంట్లో టీవీ ప్లగ్గు పీకగానే గుడ్ల తిత్తులు నా చేతి మీద రాలాయి. ఆ ఇంటి కోడలు కిసుక్కున నవ్వింది. "అత్తా, ఆటికి కూడా కరెంటు కావాల గదా" అంది. ఇంకో ఇంట్లో అయితే, "మళ్ళీ వంగి నొక్కాలంటే నడుం పట్టీసినాది" అన్నాడు ఒక మగాడు. పొద్దున్నించీ వంగి పలకలు తుడిచేది ఆడాళ్ళు, నడుం పట్టేసేది ఈయనకి. ఇంకొకావిడ నా ముందర బుద్ధిగా ఆపింది. నేను గడప దాటానో లేదో టిక్కుమని వినబడింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆపాను. "ఏటే, దొంగతనం సేస్తన్నావా నీ యింట్లో నువ్వే?" అంటే పళ్ళికిలించింది.

గూళ్ళ జోలికి మాత్రం నేనూ పోలేదు. కింద ఊరివాళ్ళకి తెలియదేమో, చెబుతాను. మాకు ఐదో ఏట ఒక్కొక్కరికీ ఒక గొంతుపెట్టె ఇస్తారు. పాఠాలకీ, మందులకీ, కబుర్లకీ అదే. సొంతమనిషి గొంతుకి తప్ప ఇంకొకరికి పలకదు. మనిషి పోతే ఆ పెట్టెని గోడగూట్లో పెట్టి, పసుపు రాసి, ఎర్రచుక్క వెలుగుతూ ఉండగా వదిలేస్తాం. సముద్రం వచ్చినప్పుడు మావాళ్ళలో చాలామంది శవాలు దొరకలేదు. ధూళి రాకుండా మూసిన ఈ ఇళ్ళలో నూనె దీపాలు పెట్టనివ్వరు. అందుకని ఆ చుక్కే దీపం. దాన్ని ఆపకూడదు. సాకెట్ దగ్గర ఒక్కసారి ఆపితే సొంతగొంతు వింటే తప్ప మళ్ళీ లేవదు. పోయినవాళ్ళ గొంతు ఎక్కడినుంచి తెస్తాం?

నా గూట్లో మూడున్నాయి. మా ఆయన ఎర్రయ్యది, తొమ్మిదేళ్ళది. మా అత్తది. ఢిల్లీది. దాని పెట్టె మీద నేను రోజూ చెయ్యి వేస్తాను. వెచ్చగా ఉంటుంది. బోర్లా పడుకుని నిద్రపోయే పిల్ల వీపులాగ.

పదో రోజు. ముల్లు 20.

రెండు రోజులకి ఐదు పడే ముల్లు మూడే పడింది. ముప్పై ఆరు ఇళ్ళ జిడ్డు పీకినందుకు రెండు గీతలు మిగిలాయి. ఇలా అయితే పదిహేడో రోజుకి పది. గున్నయ్య మిషను తీస్తే పావుగంట కూడా ఆగడని కాంపౌండరు చెప్పాడు.

సాయంత్రం లింగరాజు వచ్చాడు. గుంట కాపలా లింగరాజు. తీగని కరిచిపట్టే క్లాంపు మీటరు చేత పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఏడాదిగా నేను వాడి మొహం చూడలేదు.

"ఇల్లిల్లూ తిరగతన్నావంట గదప్పా. కొలిసి సెప్తాను, ఏది ఆపాలో" అన్నాడు.

"నా బిడ్డ తీగ కోసినోడివి. నువ్వా నాకు కొలిసి సెప్పీది?"

"కోసినోణ్ణి కాబట్టే అట్టుకొచ్చినాను. ఇంకోపాలి ఆ మీట లాగనేనప్పా."

లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. వచ్చాడు. ముందు నా గొంతుపెట్టె చార్జరు పట్టుకున్నాడు, ఖాళీగా సాకెట్లో ఉన్నదాన్ని. మీటరు కదలలేదు. "ఇది ఆపినా ఆపకపోయినా ఒకటే. అరసెయ్యి ఆనించి సూడు, సల్లగున్నాది. సల్లగుంటే తిండం నేదు. యెచ్చగుంటే తింటన్నట్టే."

రెండు రోజులు నేను పీకిన చార్జర్లన్నీ గుర్తొచ్చాయి. నా చేతులకి ఇంకా జిడ్డు వాసన పోలేదు.

తవిటమ్మ ఇంటికి వెళ్ళాం. నేను ఆపిన టీవీ మళ్ళీ పెట్టి చూస్తే మీటరు కొంచెం కదిలింది. చల్లపెట్టె దగ్గర ఇంకొంచెం. "సూసినావా, ఎంతో నేదు" అంది తవిటమ్మ. అప్పుడు లింగరాజు గూటి వెనక తీగ పట్టుకున్నాడు. అందులో ఒకటే పెట్టె, దాని కొడుకు సింహాద్రిది. మీటరు ముల్లు చివరిదాకా ఎగిరింది.

నాకు అర్థం కాలేదు. "టీవీ కంటేనా?"

"నాలుగు టీవీలంత."

"అంత సిన్న పెట్టేటి?" అంది తవిటమ్మ.

లింగరాజు నేలచూపులు చూస్తూ చెప్పాడు. "అది ఇంటన్నాది వొదినా. సొంతమనిషి పిలస్తాడేమోనని. రోజూ పిలిసే మనిషుంటే ఇని, పని సేసి పడుకుంటాది. మనిషి పిలవకపోతే, నాకు ఇనబడ్డం నేదేమో అనుకుని ఇంకా పెద్ద సెవి ఏసుకుని ఎతుకుతాది. ఎన్నేళ్ళయితే అంత తిండి."

మిషను ఒక మూల బుస్సుబుస్సుమంటోంది. గున్నయ్య కళ్ళు తెరిచి మా ముగ్గుర్నీ చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

ఇంటికొచ్చాక లింగరాజు మా గూడు కూడా కొలిచాడు. మా ఆయన పెట్టె దగ్గర మీటరు కొసకి కొట్టుకుని అక్కడే ఉండిపోయింది.

"అయితే పోయినేడాది..." అన్నాను.

వాడు తీగ వదిలాడు. మీటరు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పదకొండో రోజు. ముల్లు 18.

ఏడాది పాటు ఆ టీవీని తిట్టాను. తవిటమ్మ కడుపు కాలిపోవాలని తిట్టాను. నా గూట్లో తొమ్మిదేళ్ళుగా నేను పసుపు రాసి, దణ్ణం పెట్టి, పోయినవాడి చేత నా కూతురి ఊపిరి తినిపించాను. నేను ఒక్కదాన్నే కాదు, ఊరంతా. ఆరు వరసల్లో గూటిపెట్టెలు మూడువందల పైన ఉన్నాయని లింగరాజు చెప్పాడు. బతికినవాళ్ళ కంటే పోయినవాళ్ళే ఎక్కువ తింటున్నారు. పాపం వాళ్ళకేం తెలుసు. పెట్టింది మేము.

పొద్దున్న ఢిల్లీ పెట్టె మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాను. ఆ వెచ్చదనం ఏమిటో ఇప్పుడు తెలిసింది కదా. పెరట్లోకి వెళ్ళి కక్కుకున్నాను.

తరవాత కమిటీ ఆఫీసుకి వెళ్ళాను. ధర్మారావు గారు అంతా విన్నారు. మెడపట్టీ సర్దుకున్నారు.

"లింగరాజు నాకూ చెప్పాడమ్మా. రెండేళ్ళ కిందటే చెప్పాడు."

"రెండేళ్ళా?"

"గూళ్ళ జోలికి పోతే జనం మనోభావాలు దెబ్బతింటాయి. చార్జర్లూ టీవీలూ అంటే ఎవరికీ బాధ ఉండదు. అందుకే కాగితాల్లో అవే వేయించాం."

రెండేళ్ళు. అందులో ఒక ఏడాది నా బిడ్డ బతికే ఉంది.

"బాబూ, నీ గూట్లో ఎన్నున్నాయి?" అన్నాను.

"ఏడు. మాది పెద్ద వంశం."

ఆయన బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు ఉంది. అందులో ఉమ్మేసి వచ్చాను. ఈ మాట ఆయనే మీకు రాస్తారు కాబట్టి ముందుగా నేనే రాస్తున్నాను.

పన్నెండో రోజు. ముల్లు 15.

మధ్యాహ్నం తవిటమ్మ వచ్చింది. గడప మీదే కూర్చుంది. లోపలికి రమ్మంటానని చూసింది, నేను అనలేదు.

"నా కొడుకు పెట్టె నాను ఆపనేను వొదినా. ఏటకి దిగి సముద్రంలో పోనాడు, ఆడి ఒళ్ళు కూడా దొరకనేదు నాకు. నా మొగుణ్ణి సంపుకోనేను. ఏటి సెయ్యమంటావు సెప్పు."

"నన్నడగతావేటి? ముల్లు ఇంకో ఐదు పడితే సూసుకుందువు గాని."

"అలగనకు."

"ఏటనాలి మరి?"

"తిట్టు. తిడితే తిట్టు. ఏడాది బట్టి గోడవతలనించి తిడతన్నావు, అన్నీ ఇంటన్నాను. ఎదురుగా తిట్టు."

ఉన్నమాట చెప్పాను.

"నీ టీవీ మీద పడి ఏడిసినాను వొదినా. నా మొగుడి పెట్టె అంతకి నాలుగింతలు తినీసినాది. నా సేత్తో నానే పసుపు రాసినాను."

తవిటమ్మ నా వైపు తిరిగింది. "అయితే నన్ను తిట్టిన తిట్లన్నీ ఎనక్కి తీసుకో."

"తీసుకోను. నీ టీవీ కూడా తిన్నాది."

ఆ మాటకి నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, ముక్కు చీది కొంగుకి రాసుకుంది. ఆ కొంగు చూస్తే నాకు అసహ్యం వేసింది. అయినా పక్కన కూర్చున్నాను. గోడ అవతల మిషను బుస్సుబుస్సు మంటూనే ఉంది. ఢిల్లీకి ఆ చప్పుడు నచ్చేది కాదు. ఆపెయ్యమ్మా, నిద్ర పట్టట్లేదు అనేది. ఆపలేదు నేను. ఆగిపోయింది.

పదమూడో రోజు. ముల్లు 13.

స్నానం చేసి వచ్చి గూటి ముందు కూర్చున్నాను. మావాళ్ళు దీపం ఆర్పడం అనరు, కొండెక్కించడం అంటారు. ఆ మాట అనుకుంటే చెయ్యి లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు.

అత్త పెట్టె ముందు ఆపాను. బతికినన్నాళ్ళూ నన్ను సాధించింది, ఆమె దగ్గర మొహమాటం లేదు. తరవాత ఎర్రయ్యది. దానికి రెండు చేతులూ జోడించి, పోయినచోట నీకు చేపల కూర దొరకాలని చెప్పి ఆపాను.

ఢిల్లీది ఎత్తేసరికి దాని వెనకనుంచి బొద్దింకలు పరిగెత్తాయి. ఐదో ఆరో. నా పిల్ల వీపనుకుని నేను రోజూ నిమిరిన చోట, ఇవతల నా చెయ్యి, అవతల అవి. చెప్పుతో కొట్టి చంపాను. చచ్చాక కూడా కొట్టాను. గోడకి, నేలకి మరకలు. గుడ్డ పెట్టి తుడిచాను. తుడిచిన గుడ్డని బయట పారేసి, చేతులు మూడుసార్లు కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

సాకెట్ మీద వేలు పెట్టగానే పెట్టె పలికింది. ఆపేముందు అడగడం వాటి పద్ధతట, నాకు తెలియదు. మిగిలిన రెండూ పాతవి, వాటి గొంతు ఎప్పుడో పోయింది. ఇది కొత్తది.

"ఢిల్లీశ్వరి గారూ, ఆపమంటారా?" అంది. ఎవరిదో గొంతు. మర్యాదగా.

మళ్ళీ అడిగింది. "ఢిల్లీశ్వరి గారూ, ఉన్నారా?"

ఏడాదైంది. దినాలు చేశాను, తద్దినం దగ్గరకొచ్చింది, ఈ పుస్తకంలో కూడా 'మిషను మీద ఉంది' అని రాసి ఊరుకున్నాను. ఆ మాట ఎవరితోనూ నా నోటితో అనలేదు.

"నేదమ్మా. సచ్చిపోనాది. నాను దానమ్మని" అన్నాను.

దానికి నా గొంతు అక్కర్లేదు కదా. మూడోసారి అడగబోతుంటే నొక్కేశాను.

పద్నాలుగో రోజు. ముల్లు 12.

వార్త పాకిపోయింది. పలకల దగ్గర ఒక్కత్తీ నా పక్కన నిలబడలేదు. "కూతురి దీపం కొండెక్కించిన పాపిష్టిది" అని వినబడేలాగే అన్నారు. "నోటితో అనకండే, మీ గూళ్ళు మీ పిల్లల్ని తింటన్నాయి" అన్నాను. ఒకావిడ నా బాల్చీ తన్నేసింది. నీళ్ళు మోసుకురావడానికి మళ్ళీ కిందికి దిగాను.

మధ్యాహ్నం తవిటమ్మ మా గుమ్మంలోకి వచ్చి, "రా" అంది. అంతే.

వాళ్ళింట్లో గూటి ముందు నిలబడ్డాం. సింహాద్రి పెట్టె కూడా కొత్తదే. తవిటమ్మ నా చెయ్యి పట్టుకుని సాకెట్ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టింది. పెట్టె అడిగింది. "సింహాద్రి గారూ, ఉన్నారా?"

"నువ్వు సెప్పు వొదినా. నాను సెప్పనేను."

"నీ కొడుకు. నువ్వే సెప్పాల."

గున్నయ్య మంచం మీద నుంచి మిషను గొట్టం పక్కకి లాక్కున్నాడు. "ఆడు నేడు" అన్నాడు. ఆ ఒక్క మాటకే దగ్గొచ్చి మెలికలు తిరిగిపోయాడు. తవిటమ్మ పరిగెత్తి గొట్టం సరిచేసింది. స్విచ్చి నేనే నొక్కాల్సి వచ్చింది.

సాయంత్రానికి ఒక్కొక్కత్తీ వచ్చింది. బాల్చీ తన్నినావిడ కూడా. ఆపమని ఎవరూ అనరు. "ఓపాలి మా యింటికి రా అప్పా" అంటారు. వాళ్ళ చేతులకి పాపం అంటకూడదు, నా చేతులకైతే ఫర్వాలేదు. ఎలాగూ అంటుకుంది కదా. నాకు కాటికాపరి పని దొరికింది. ఇరవై నాలుగు ఇళ్ళు, ముప్పై తొమ్మిది పెట్టెలు. ప్రతి గూటి వెనకా బొద్దింకలే. ప్రతి ఇంట్లోనూ గొంతున్న పెట్టె అడుగుతుంది, ఎవరో ఒకరు చెప్పాలి. చాలామంది చెప్పలేక ముఖం తిప్పుకుంటే నేనే చెప్పాను. రాత్రికి నా గొంతు పోయింది.

పదిహేనో రోజు. ముల్లు 12.

పడలేదు. నిన్న ఎంత ఉందో అంతే ఉంది.

లింగరాజు మీట పక్కనే కూర్చుని తెల్లారబెట్టాడట. ముల్లు చూపించి, "సూడప్పా, సూడు" అంటూ వెర్రివాడిలా తిరిగాడు. ఆ మొహం చూసినా నాకు కోపం పోలేదు. అయినా మా ఇంట్లో వండిన గంజి ఒక గిన్నెడు వాడికి ఇచ్చాను.

పదిహేడో రోజు. ముల్లు 16.

రెండో వరస, ఐదో వరస ఆడాళ్ళు కూడా మొదలుపెట్టారు. ధర్మారావు గారు కొత్త కాగితం వేయించారు. 'కమిటీ చొరవతో నిలిచిన ముల్లు' అని. ఫొటో అదే. ఆయన గూట్లో ఏడు చుక్కలూ అలాగే ఉన్నాయి, కిటికీలోంచి చూశాను. ఈ పేజీ చదివినవాళ్ళు ఎవరైనా ఆయన్ని అడగండి.

సాకెట్ దగ్గర ఆపితే ప్రయోజనం ఉందా అని కింద ఊళ్ళో కూడా అడుగుతున్నారని విన్నాను. నాకు తెలిసింది చెబుతాను. మీదే వస్తువు మీదే చెయ్యి పెట్టి చూసుకోండి. చల్లగా ఉంటే వదిలెయ్యండి, దానికోసం వంగక్కర్లేదు. వెచ్చగా ఉంటే ఆపండి. అది ఎవరిదైనా సరే. ఎవరికోసం వెలిగించుకున్నా సరే. ముందు దాన్నే ఆపండి. నేను ఏడాది ఆలస్యంగా ఆపాను.

మా గూడు ఇప్పుడు ఖాళీగా ఉంది. మూడు పెట్టెలూ చల్లగా ఉన్నాయి. పసుపు రాయడం మానేశాను. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

ఈ పొద్దున్న గోడ అవతల గున్నయ్య లేచి కూర్చున్నాడు. గంజి నోట్లో పెట్టుకుని, ఉప్పు లేదని తవిటమ్మని తిట్టాడు. మిషను గొట్టం పక్కన పెట్టుకుని మరీ తిట్టాడు. ఆ మనిషి గొంతు నాకెప్పుడూ పడదు. రాయి మీద రేకు గీసినట్టుంటుంది, నోరు విప్పితే బూతులే. తవిటమ్మ కూడా ఊరుకోలేదు, "సావబోతూ కూడా నాలిక్కి ఉప్పు కావాలేటి నీకు" అని అందుకుంది. ఇద్దరూ మొదలుపెట్టారు. వినడానికే రోతగా ఉంది.

పలకలకి పొద్దెక్కిపోతోంది. బాల్చీ కింద పెట్టి, గోడకి చెవి ఆనించి, తిట్లన్నీ అయ్యేదాకా విన్నాను.